జంటనాట్యంలోని శాస్త్రం

ఒప్పులకుప్ప ఆట మన తెలుగువారికి కొత్తది కాదు. ఇద్దరు బాలికలు ఎదురెదురుగా నిలబడి, చేతులు పెనవేసి పట్టుకొని, పాదాలు దగ్గరకు చేర్చి, వెనక్కు వాలి గిరగిర తిరుగుతారు. చూచేవారికి కళ్ళు తిరిగినా ఆడేవారికి మాత్రం అంతులేని సంతోషం. ఈ ఆటలో ఆలోచించదగిన విషయం ఒకటి ఉన్నది. ఏ బాలిక అయినా ఒంటరిగా అంత వెనక్కు వాలితే క్షణంలో వెల్లకిల పడిపోతుంది. ఇద్దరూ కలిసి వాలితే మాత్రం పడరు. ఒక్కొక్కరిని నిలబెట్టేది రెండవవారి బరువే.

దీనిలోని లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి కష్టమైనది కాదు. వృత్తంలో తిరిగే ప్రతి వస్తువునూ కేంద్రంవైపు లాగే బలం ఒకటి ఉండాలి. దానిని అభికేంద్రబలం అంటారు. ఒక్కొక్క బాలిక ద్రవ్యరాశి 30 కిలోగ్రాములనీ, ఆమె గరిమనాభి ఇరుసునుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనీ, రెండు సెకండ్లకు ఒక చుట్టు తిరుగుతున్నారనీ అనుకొందాం. అప్పుడు కోణీయ వేగం సెకండుకు 3.14 రేడియన్లు. దాని వర్గాన్ని వ్యాసార్ధంతోను, ద్రవ్యరాశితోను హెచ్చవేస్తే దాదాపు 178 న్యూటన్లు వస్తుంది. ఇది 18 కిలోగ్రాముల బరువుతో సమానం. వెనక్కు వాలినందువల్ల పడిపోకుండా ఆపవలసినది కూడా ఆ చేతులే కాబట్టి, నిజానికి చేతులమీద పడే లాగుడు ఇంతకంటె ఎక్కువే ఉంటుంది. ఎదుటి పిల్ల చేయి వదలదన్న నమ్మకం లేనిదే ఏ పిల్లా ఇంత బలాన్ని ఎదుటివారి చేతులలో పెట్టదు.

ఇద్దరు మనుషులు ఒకరినొకరు పట్టుకొని, ఒకే తాళానికి, ఒకే కదలికగా కదలడమే జంటనాట్యం. ఐరోపాలోను, అమెరికా ఖండాలలోను ఇది గొప్ప సాంఘిక కళగా పెరిగినది. ఈ కళ నేర్చుకొన్నవారికి ఏమి లాభం? దేహానికా, మనస్సుకా, నలుగురితో కలిసి బ్రతకడానికా? ఇటీవలి శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను శ్రద్ధగా పరిశీలించారు. వారు తెలుసుకొన్నవాటిలో కొన్ని మనం అనుకొనేదానికి భిన్నంగా ఉన్నాయి.

రెండు నాట్యాలు

జంటనాట్యాలలో బాగా ప్రసిద్ధమైనవి వాల్ట్జ్, టాంగో. వాల్ట్జ్ 18వ శతాబ్దం చివరిభాగంలో ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ ప్రాంతాల పల్లెనాట్యాలనుంచి వచ్చినది. దాని తాళం మూడు దెబ్బలది. మన సంగీతజ్ఞులు తిస్రం అంటారు. జంట తన చుట్టూ తాను తిరుగుతూ, అదే సమయంలో సభామందిరం చుట్టూ కూడా తిరుగుతుంది. భూమికి భ్రమణం, పరిభ్రమణం రెండూ ఉన్నట్లే దీనికీ రెండు తిరుగుళ్ళు ఉన్నాయన్నమాట. నెపోలియన్ పతనం తరువాత 1814-15లో ఐరోపా రాజ్యాల ప్రతినిధులు వియన్నాలో సమావేశమైనప్పుడు ఈ నాట్యానికి పేరు వచ్చినది. 1816లో లండనులో రాజప్రతినిధి ఇచ్చిన విందులో దీనిని ఆడగా, టైమ్స్ పత్రిక ఇది అసభ్యమని తీవ్రంగా ఖండించినది. స్త్రీ పురుషులు సభలో ఒకరినొకరు పట్టుకొని తిరగడం ఆనాటి ఇంగ్లండులో కూడా పెద్దలకు మింగుడుపడలేదు.

టాంగో 19వ శతాబ్దం చివర దక్షిణ అమెరికాలో లాప్లాటా నదీముఖానికి ఇరువైపుల ఉన్న బ్యూనస్ ఎయిరిస్, మాంటివిడియో రేవుపట్టణాలలో పుట్టినది. ఐరోపానుంచి పొట్టచేత పట్టుకొని వచ్చిన వలసదారులు, ఆఫ్రికా సంతతివారు, స్థానికులు, ఇట్లా ఒకరి భాష ఒకరికి సరిగా రాని జనం అక్కడ కలుసుకొన్నారు. వారందరి సంగీతాలు కలిసి టాంగో అయినది. అర్జెంటైనా, ఉరుగ్వే దేశాలు కోరగా 2009లో యునెస్కో దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వాల పట్టికలో చేర్చినది.

టాంగోలో ముందుగా కూర్చిపెట్టిన అడుగుల వరుస ఉండదు. నడిపించేవారు పాట వింటూ అప్పటికప్పుడు అడుగు నిర్ణయిస్తారు. అనుసరించేవారు అదే క్షణంలో ఆ అడుగు వేస్తారు. నోటిమాట లేదు, సైగ లేదు. మరి రెండవవారికి ఎట్లా తెలుస్తున్నది?

కంటికంటె చేయి ముందు

మొదట కంటితో చూచి తెలుసుకొంటారేమో ఆలోచిద్దాం. దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చును. ఒక విద్యార్థి స్కేలును నిలువుగా పట్టుకొని వదలాలి. మరొకడు దాని అడుగుకొన దగ్గర వ్రేళ్ళు తెరచి ఉంచి, జారగానే పట్టుకోవాలి. సాధారణంగా స్కేలు 20 సెంటీమీటర్లు జారేసరికి గాని వ్రేళ్ళు మూసుకోవు. అంత దూరం పడడానికి పట్టే కాలం 1/5 సెకండు. కన్ను చూడడం, మెదడు నిర్ణయించడం, కండరం కదలడం అన్నీ ఈ కాలంలోనే జరుగుతాయి.

ఇప్పుడు వియన్నా పద్ధతి వాల్ట్జ్ చూడండి. దానిలో నిమిషానికి సుమారు 180 దెబ్బలు. దెబ్బకూ దెబ్బకూ మధ్య 1/3 సెకండు మాత్రమే ఉంటుంది. చూడడానికే అందులో సగానికి మించి పోతే, మొత్తం శరీరం బరువును ఒక కాలినుంచి మరొక కాలిమీదకు మార్చడానికి వ్యవధి ఎక్కడిది? చూచి అడుగు వేసేవాడు ఎప్పుడూ వెనుకబడవలసినదే.

అందువల్ల నాట్యమాడేవారు రెండు ఉపాయాలమీద ఆధారపడతారు. మొదటిది ముందుగా ఊహించడం. ఒక మనిషిని తాళయంత్రం దెబ్బలకు సరిగా వ్రేలు తట్టమంటే, సాధారణంగా దెబ్బకంటె సెకండులో కొన్ని వందవవంతులు ముందే తడతాడు. అంటే మెదడు దెబ్బ వినిపించేదాకా ఆగడం లేదు; అది ఎప్పుడు పడుతుందో లెక్కవేసి ముందే ఆజ్ఞ పంపుతున్నది. ఇద్దరి మెదళ్ళూ ఒకే పాటను ఇట్లా లెక్కవేస్తుంటే, అడుగు ఎప్పుడు పడాలన్న ప్రశ్న సగం తీరినట్లే.

రెండవది స్పర్శ. అడుగు ఎటు పడాలన్నది దీనివల్ల తెలుస్తుంది. నడిపించేవారు పాదం ఎత్తకముందే వారి ఛాతీ, భుజాలు కొద్దిగా బరువు మార్చుకొంటాయి. ఆ స్వల్పమైన కదలిక చేతులగుండా రెండవవారి చర్మానికి, కండరాలకు అందుతుంది. పిల్లలు అగ్గిపెట్టెలతో, దారంతో చేసుకొనే టెలిఫోను గుర్తుకు తెచ్చుకోండి. దారం వదులైతే మాట వినబడదు. బిగువుగా ఉంటేనే వినబడుతుంది. జంటనాట్యంలో చేతులు కూడా అంతే. వ్రేలాడితే వార్త అందదు. కర్రవలె బిగదీస్తే ఎదుటివారి కదలికకు అడ్డుపడతాయి. ఈ రెంటి మధ్య సరైన బిగువు తెలుసుకోవడమే నేర్చుకొనేవారి మొదటి పాఠం.

స్వల్పమైన స్పర్శకు ఎంత శక్తి ఉన్నదో జెకా, లాక్నర్ అనే శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించిన ప్రయోగాలు చూపాయి. ఒక పాదం ముందు మరొక పాదం పెట్టి నిలబడిన మనిషి సన్నగా ఊగుతూ ఉంటాడు. అతడు స్థిరమైన ఒక వస్తువును వ్రేలికొనతో తాకితే ఆ ఊగుడు బాగా తగ్గుతుంది. ఆ వ్రేలు వేసే ఒత్తిడి 1 న్యూటనుకంటె, అనగా 100 గ్రాముల బరువుకంటె, తక్కువ. అంత చిన్న బలం శరీరాన్ని ఆపి నిలబెట్టలేదు. అయితే శరీరం ఎటు ఒరుగుతున్నదో మెదడుకు చెబుతుంది. తక్కిన పని కాళ్ళు చూచుకొంటాయి.

తప్పటడుగులు

ఈ నేర్పు ఒక్క రోజులో రాదు. కొత్తగా నేర్చుకొనేవాడు అడుగులు లెక్కపెడతాడు, క్రిందికి చూస్తాడు, ఎదుటివారి కాలు త్రొక్కుతాడు. సైకిలు త్రొక్కడం నేర్చుకొనే రోజులవంటివే ఇవి. ప్రతి కదలికనూ బుద్ధిపూర్వకంగా నడపవలసి వచ్చినంతకాలం మనస్సుకు మరొకదానిమీద ధ్యాస ఉండదు. సాధన సాగినకొద్దీ చిన్నమెదడు, మెదడు లోపలి కేంద్రకాలు ఈ భారాన్ని తీసుకొంటాయి. అప్పుడు పాట వినడానికి, ఎదుటివారిని గమనించడానికి తీరిక చిక్కుతుంది.

బ్యూనస్ ఎయిరిస్‌లో పూర్వం యువకులు సాధనకూటములలో తమలో తామే అభ్యాసం చేసేవారు. ముందు అనుసరించడం నేర్చుకొని, ఆ తరువాతనే నడిపించడానికి పూనుకొనేవారు. ఎదుటివారికి ఏ కదలిక కష్టమో, ఏ స్పర్శ అయోమయంగా ఉంటుందో అనుభవించినవాడే బాగా నడిపించగలడు. ఉపాధ్యాయులకు ఈ మాట వేరే వివరించనక్కరలేదు.

నాట్యశాలలలో జోడీలను తరచు మార్చే ఆచారానికీ కారణం ఉన్నది. ఒకే మనిషితో ఆడేవాడు ఆ మనిషి అలవాట్లు మాత్రమే నేర్చుకొంటాడు. పొడుగువారు, పొట్టివారు, నిదానస్థులు, తొందరపాటువారు, ఇట్లా పలువురితో ఆడినవాడికి ఎదుటివారిని పోల్చుకొని తన్ను తాను సవరించుకోవడం అలవడుతుంది.

బిడియస్థునికి ఒక దారి

కొత్తవారితో మాట కలపడానికి వెనుకాడేవారు లోకంలో చాలమంది ఉన్నారు. టాంగో ఆడే కూటములను మిలోంగా అంటారు. అక్కడి కట్టుబాట్లు ఈ బిడియానికి చక్కని మందు. ఆడదలచినవారు దూరంనుంచి ఒకరివైపు చూస్తారు. అవతలివారికి ఇష్టమైతే తల ఊపుతారు. ఇష్టం లేకపోతే చూపు మరలుస్తారు. ఆహ్వానించినదీ తెలియదు, నిరాకరించినదీ తెలియదు. నలుగురిలో ఎవరికీ చిన్నతనం కలగదు.

ఒప్పుకొన్న జంట సాధారణంగా మూడు నాలుగు పాటలు కలిసి ఆడుతుంది. తరువాత వేరొక బాణీ సంగీతం కొద్దిసేపు వినిపిస్తుంది. అది విడిపోయే గుర్తు. ఒకరినుంచి ఒకరు తప్పించుకోవడానికి సాకులు వెదకనక్కరలేదు. జంటలన్నీ గడియారం ముల్లుకు వ్యతిరేకదిశలో మందిరం చుట్టూ సాగుతాయి కాబట్టి ఢీకొనడం తక్కువ. ఈ నియమాలన్నీ కలిసి చేసే మేలు ఒకటే. ఏమి మాట్లాడాలో తెలియని మనిషికి కూడా అక్కడ నలుగురిలో ఒక స్థానం దొరుకుతుంది.

అడుగు పడనివారికి

1817లో జేమ్స్ పార్కిన్‌సన్ అనే ఆంగ్ల వైద్యుడు వర్ణించిన వ్యాధి ఒకటి ఉన్నది. మనవారు కంపవాతం అంటారు. మెదడులో డోపమీన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడంవల్ల ఇది వస్తుంది. చేతులు వణకుతాయి, కదలికలు మందగిస్తాయి. కొందరికి నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అతుక్కొన్నట్లు ఆగిపోతాయి. గుమ్మం దాటబోయేటప్పుడు, పక్కకు తిరిగేటప్పుడు ఈ బాధ ఎక్కువ. ఎంత ప్రయత్నించినా అడుగు పడదు. పడిపోతామేమోనన్న భయంతో ఇల్లు కదలని వృద్ధులు ఉన్నారు.

ఇటువంటివారికి వెలుపలినుంచి వినిపించే లయ తోడ్పడుతుందని వైద్యులు గమనించారు. పైగా టాంగోలో ఆగడం, తిరిగి బయలుదేరడం, వెనక్కు నడవడం, ఇరుకుచోట తిరగడం పదేపదే వస్తాయి. రోగికి కష్టమైన కదలికలు సరిగా ఇవే. అమెరికాలో సెంట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హాక్నీ, ఎర్‌హార్ట్ అనే పరిశోధకులు 58 మంది రోగులపై చేసిన పరిశోధనను 2009లో ప్రకటించారు. కొందరికి టాంగో, కొందరికి వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ నాట్యాలు 13 వారాలలో 20 పాఠాలు నేర్పారు. మిగిలినవారికి ఏమీ నేర్పలేదు. నాట్యం నేర్చినవారికి నిలకడ మెరుగుపడినది; నడక మెరుగుపడినది. ఈ వ్యాధి తెచ్చే లోపాలకు టాంగో మరికొంత తగినదిగా వారికి తోచినది.

మరి ఈ మేలు నాట్యంవల్ల వచ్చినదా, జోడీవల్ల వచ్చినదా? ఈ సందేహం తీర్చడానికి వారే మరొక పరిశోధన చేసి 2010లో ప్రకటించారు. 39 మంది రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు జోడీలతోను, మరొక జట్టు ఒంటరిగాను అవే టాంగో అడుగులు పది వారాలు అభ్యసించారు. ఫలితం ఏమనుకొంటారు? నిలకడలోను, నడకలోను రెండు జట్లూ ఒకే విధంగా బాగుపడినాయి. జోడీ లేనివారు ఏమీ వెనుకబడలేదు. అయితే ఒక భేదం కనబడినది. జోడీతో ఆడినవారు ఎక్కువ ఆనందం పొందామన్నారు. ఇకముందు కూడా ఆడాలని ఎక్కువ కోరిక చూపారు.

ఈ భేదం చిన్నదిగా తోచవచ్చును. కాని వ్యాయామం చేస్తున్నంతకాలమే మేలు చేస్తుంది. మానివేసిన వ్యాయామం ఎంత గొప్పదైనా ఉపయోగం లేదు. డాక్టరు చెప్పిన కసరత్తును నాలుగు రోజులు చేసి వదలిపెట్టినవారు మనలో ఎందరో ఉన్నారు. అక్కడ మనకోసం ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిస్తే కాళ్ళు తామే అటు నడుస్తాయి. జోడీ ఇచ్చే గొప్ప ఫలం ఇదే: మనిషిని మరునాడు మళ్ళీ రప్పించడం.

మరాజో దీవి విద్యార్థులు

కలిసి కదలడంవల్ల స్నేహం ఎందుకు పెరుగుతుందో తెలుసుకోవడానికి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి చెందిన బ్రాన్విన్ టార్, ఆమె సహచరులు బ్రెజిల్ దేశంలోని మరాజో దీవిలో ఒక ప్రయోగం చేశారు. అది 2015లో ప్రకటితమైనది. పాల్గొన్నవారు 264 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులు. వారిని చిన్న చిన్న జట్లు చేశారు. కొన్ని జట్లు నిలబడి ఒళ్ళంతా కదిలిస్తూ ఆడినాయి. కొన్ని కూర్చుండి చేతులు మాత్రం కదిలించాయి. కొన్నింటిలో అందరికీ ఒకే కదలికలు. కొన్నింటిలో ఎవరి కదలికలు వారివి. ఆటకు ముందు, తరువాత రక్తపోటు చూచే పట్టీని చేతికి బిగించి, ఎంత ఒత్తిడిదాకా ఓర్చుకోగలరో కొలిచారు.

శ్రమపడి ఆడినవారి ఓర్పు పెరిగినది. ఒకే కదలికగా ఆడినవారి ఓర్పు కూడా, శ్రమతో నిమిత్తం లేకుండా, పెరిగినది. ఈ రెండు విధాలవారికీ తమ జట్టువారిమీద దగ్గరితనం కూడా ఎక్కువైనది. శరీరంలో తయారయ్యే ఎండార్ఫిన్లు అనే నొప్పినివారక పదార్థాలు దీనికి కారణమని పరిశోధకుల అభిప్రాయం. వారు రక్తంలో ఆ పదార్థాలను నేరుగా కొలవలేదు, ఓర్పునుబట్టి ఊహించారు.

రెండు లయలు ఒకటి కావడానికి వాటి మధ్య లంకె ఉండాలి. 1665లో హైగెన్స్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు జబ్బుపడి మంచంమీద ఉండగా, ఒకే దూలానికి వ్రేలాడదీసిన రెండు లోలక గడియారాలను గమనించాడు. వాటి లోలకాలను ఎట్లా కదిలించి వదిలినా, అరగంటలో అవి ఒకే లయకు వచ్చి, ఎదురెదురు దిశలలో ఊగసాగినవి. దూలం ద్వారా అందే సూక్ష్మమైన కదలికలే అందుకు కారణం. జంటనాట్యంలో పాట, స్పర్శ ఆ దూలం చేసే పని చేస్తాయి. అయితే గడియారానికి వేరే దారి లేదు. మనిషి మాత్రం ఎదుటివారి లయను కోరి అందుకొంటాడు.

ఎంతవరకు నమ్మవచ్చును?

జంటనాట్యం సర్వరోగనివారిణి అని కొందరు ప్రచారం చేస్తారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. న్యూయార్కు నగరంలో 75 ఏండ్లు దాటిన 469 మంది వృద్ధులను వర్గీస్, ఆయన సహచరులు సంవత్సరాల తరబడి పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. ఆ కాలంలో 124 మందికి మతిభ్రంశం వచ్చినది. చదవడం, బల్లమీద ఆడే ఆటలు, వాద్యాలు వాయించడం, నాట్యం అలవాటుగా ఉన్నవారిలో అది తక్కువ. శరీరంతో చేసే పనులలో ఈ సంబంధం కనబడినది ఒక్క నాట్యానికే.

దీనినిబట్టి నాట్యం మతిభ్రంశాన్ని ఆపుతుందని తేల్చవచ్చునా? అప్పుడే కాదు. మతి తప్పడం లోలోపల మొదలైనవారు నాట్యానికి వెళ్ళడం ముందుగానే మానివేసి ఉండవచ్చును. అప్పుడు కార్యం ఏది, కారణం ఏది అన్నది తారుమారు అవుతుంది. పరిశోధకులు ఈ సందేహాన్ని తగ్గించడానికి లెక్కలలో జాగ్రత్తలు తీసుకొన్నారు గాని, పరిశీలనకూ ప్రయోగానికీ ఉన్న భేదం ఉండనే ఉన్నది. ఈ భేదాన్ని విద్యార్థులకు బోధించడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

మన తరగతిలో

పైన చెప్పినవాటిలో కొన్నింటిని పరీక్షించడానికి పరికరాలు అక్కరలేదు. ఒక పాదం ముందు మరొకటి పెట్టి, కళ్ళు మూసుకొని నిలబడండి. పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. తరువాత గోడను వ్రేలికొనతో మెల్లగా తాకి, తేడా గమనించండి. గోడకు బదులు మిత్రుని వ్రేలిని తాకితే ఎట్లా ఉంటుందో కూడా చూడండి. అతడు కూడా ఊగుతూనే ఉంటాడు కనుక గోడంత స్థిరత్వం అతనిలో ఉండదు. ఇద్దరూ ఊగుతూ ఒకరికొకరు తోడ్పడగలరా అన్నది మీరే తేల్చుకోవచ్చును.

వాల్ట్జ్‌కూ టాంగోకూ మన పాఠశాలలలో చోటు లేకపోవచ్చును. మనకు కోలాటం ఉన్నది. అందులో ఆటగాళ్ళు జతలుగా నిలిచి, ఎదుటివారి కోలకు తమ కోల తగిలించి, వలయంలో సాగిపోతూ మరొక జతగానిని అందుకొంటారు. ఒక్కరు తాళం తప్పితే కోలకు కోల తగలదు. తప్పు వెంటనే చెవికి వినబడుతుంది. ఎవరూ మందలించనక్కరలేదు. మళ్ళీ అందుకొనే అవకాశం మరుదెబ్బకే వస్తుంది. జోడీలు మారడం, లయను ముందుగా ఊహించడం, ఎదుటివారినిబట్టి సవరించుకోవడం ఇవన్నీ అందులోనూ ఉన్నాయి. వెనుకబెంచీలో ఎవరితోనూ కలవక కూర్చుండే బాలునికి, బాలికకు ఒక జత కోలలు ఇచ్చి వలయంలో నిలబెట్టడానికి ఖర్చు ఏమీ లేదు.

ఒప్పులకుప్ప ఆడిన బాలికలు ఈ సూత్రాలేవీ చదువుకోలేదు. అయినా చేయి ఎంత బిగువుగా పట్టాలో, ఎంత వెనక్కు వాలవచ్చునో, ఆట ముగిసేటప్పుడు ఎట్లా నెమ్మదించాలో వారికి తెలుసు. ఎదుటివారు పడిపోకుండా తిరుగుడు పూర్తిగా ఆగినదాకా ఎవరూ చేయి వదలరు.